పుట్టీ ఏయే యంత్రాల మీద నడుస్తుంది, మన సరిహద్దు ఊళ్లలో కనెక్షన్ ఎందుకు తెగిపోతుంది

ఒడిశాలోని గుణుపురం నుంచి ఒక మిత్రుడు అడిగిన ప్రశ్నను క్లుప్తంగా ఇలా చెప్పుకోవచ్చు. ఆయన ఆఫీసులోని విండోస్ కంప్యూటరులో పుట్టీ అనే ప్రోగ్రాము (దూరంలోని కంప్యూటరును ఆదేశాలు కొట్టి నడిపించేది) వాడి, నెలవారీ అద్దెకు తీసుకున్న ఒక లినక్స్ సర్వరులోకి వెళ్లి పని చేస్తున్నారు. ఇంట్లో ఉబుంటు అనే రకం లినక్స్ ఎక్కించిన పాత ల్యాప్‌టాప్, అన్నగారి మ్యాక్, చేతిలో ఆండ్రాయిడ్ ఫోను ఉన్నాయి. వీటన్నిటికీ పుట్టీ దొరుకుతుందా, ఆఫీసులో దాచుకున్న సెషన్లనూ (సర్వరుకొకటిగా పెట్టుకున్న అమరికలు) కీనీ (పాస్‌వర్డ్‌కు బదులు వాడే రహస్య ఫైలు) ఇంటికి తెచ్చుకోవచ్చా, పాస్‌వర్డ్‌ను అది ఎందుకు గుర్తుపెట్టుకోదు, ఇంటి నుంచి పని చేస్తుంటే మాటిమాటికీ ఎందుకు తెగిపోతోంది అన్నవి ఆయన సందేహాలు.

ముందు సూటిగా జవాబు చెబుతాను. విండోస్‌కూ లినక్స్‌కూ పుట్టీ ఉంది. మ్యాక్‌కు తయారీదారులు సిద్ధం చేసి ఇచ్చే ప్రతి లేదు. ఫోన్లకు వారు చేసిన పుట్టీయే లేదు. అయితే లినక్స్‌లో గానీ మ్యాక్‌లో గానీ ఫోనులో గానీ మీకు పుట్టీ అవసరం లేదు. మీ సర్వరు ఎదురుచూసేది ఎస్‌ఎస్‌హెచ్ అనే భాషను, పుట్టీని కాదు. ఆ భాష మాట్లాడగల ప్రోగ్రాము ఏదైనా సరిపోతుంది. ఇక తెగిపోవడానికి పుట్టీలో ఒక అమరిక కొంత మందు, కానీ అసలు మందు సర్వరు వైపు వేయవలసి ఉంటుంది. దాని గురించి కిందన వివరంగా రాస్తాను, ఎందుకంటే రాయగడ, గజపతి జిల్లాల్లో ఉండి ఇరవై ఏళ్లుగా ఇతర ఊళ్లలోని సర్వర్లను చూసుకుంటున్న నాకు ఎక్కువ అనుభవం ఆ తెగిపోవడంతోనే.

ఎస్‌ఎస్‌హెచ్‌ను 1995లో ఫిన్లాండ్‌లోని హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయంలో టాటు ఇలోనెన్ రూపొందించారు. అంతకుముందు వాడుకలో ఉన్న టెల్నెట్‌లో పాస్‌వర్డ్ సహా ప్రతి అక్షరం దారిలో ఎవరైనా చదివేట్టుగా బాహాటంగా వెళ్లేది. ఎస్‌ఎస్‌హెచ్ దాన్ని గుప్తలిపిలో పంపుతుంది. యూనిక్స్, లినక్స్ యంత్రాలకు ఈ సదుపాయం త్వరగానే వచ్చింది గానీ, విండోస్ వాడేవారికి చాలా కాలం సొంతంగా ఏమీ లేదు. ఆ లోటును ఇంగ్లండ్‌కు చెందిన సైమన్ టాథమ్ అనే ప్రోగ్రామరు పూరించారు. ఆయన పుట్టీ 1999లో బయటికి వచ్చింది, ఉచితం, మూలకోడ్ అందరికీ అందుబాటులో ఉంటుంది. విండోస్ వాడేవారికి "సర్వరులోకి వెళ్లడం" అంటే "పుట్టీ తెరవడం" అని అలవాటు కావడానికి కారణం ఇదే. (రాయగడ బజారులో పుట్టీ కావాలని అడిగితే మాత్రం గోడలకు పూసేదే ఇస్తారు.)

ఇప్పుడు మీ యంత్రాలను ఒక్కొక్కటిగా చూద్దాం. ఉబుంటు ల్యాప్‌టాప్‌లో టెర్మినల్ (ఆదేశాలు కొట్టే కిటికీ) తెరిచి, ఎస్‌ఎస్‌హెచ్ అనే ఆదేశం, ఖాళీ, మీ యూజర్ పేరు, ఎట్ గుర్తు, సర్వరు చిరునామా ఇస్తే చాలు. పుట్టీ కిటికీకే అలవాటు పడినవారు ఉబుంటు ప్యాకేజీల నుంచి దాన్ని ఎక్కించుకోవచ్చు. అదే రూపం, అవే పేర్లు కనిపిస్తాయి. మ్యాక్‌లోనూ టెర్మినల్, ఎస్‌ఎస్‌హెచ్ ఆదేశం ముందే ఉంటాయి. యూనిక్స్ పుట్టీని మ్యాక్‌లోకి తెచ్చుకునే దారి ఉంది కానీ, మీ అన్నగారి యంత్రంలో అంత శ్రమ పడటం అనవసరమని నా అభిప్రాయం. ఆండ్రాయిడ్‌లో నేను టెర్మక్స్ అనే టెర్మినల్ ఆప్ వాడతాను. దాన్ని ఎఫ్-డ్రాయిడ్ అనే ఉచిత ఆప్‌ల దుకాణం నుంచి దించుకుని, అందులో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ (ఎస్‌ఎస్‌హెచ్ మాట్లాడే ఉచిత ప్రోగ్రాము) ప్యాకేజీని చేర్చుకుంటే లినక్స్‌లో ఉన్న ఆదేశమే ఫోనులోనూ పనిచేస్తుంది. ఫోను కీబోర్డులో కంట్రోల్ కీ ఉండదని చాలామంది ఇబ్బంది పడతారు. టెర్మక్స్‌లో శబ్దం తగ్గించే బొత్తామే కంట్రోల్‌గా పనిచేస్తుంది. అంత పెద్ద ఏర్పాటు వద్దనుకునేవారికి కనెక్ట్‌బాట్ అనే చిన్న ఆప్ ఉంది. "పుట్టీ" అనే పేరు పెట్టుకుని ఫోను ఆప్ దుకాణాలలో కనిపించేవి పుట్టీ బృందం చేసినవి కావు, అందువల్ల వాటిలో మీ కీని పెట్టకండి.

విండోస్‌లో కూడా ఇప్పుడు పుట్టీ తప్పనిసరి కాదు. 2018 నుంచి విండోస్ 10లో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ క్లయింట్ (సర్వరులోకి వెళ్లడానికి మన వైపు ఉండే ప్రోగ్రాము) వ్యవస్థతోపాటే వస్తోంది. కమాండ్ ప్రాంప్ట్‌లో ఎస్‌ఎస్‌హెచ్ అని కొట్టి చూడండి. అయినా నేను విండోస్‌లో పుట్టీనే ఉంచుకున్నాను. సర్వర్ల జాబితా కళ్ల ముందు ఉంటుంది, ఇన్‌స్టాల్ చేసే అనుమతి లేని ల్యాబ్ కంప్యూటర్లలో ఒక్క ఫైలును తెరిస్తే చాలు నడుస్తుంది, పైగా నెట్‌వర్క్ స్విచ్చులకు కేబులు తగిలించి సీరియల్ పోర్టు ద్వారా మాట్లాడవలసి వచ్చినప్పుడు వేరే ప్రోగ్రాము వెతుక్కోనక్కరలేదు. ఆ సీరియల్ పనికి యూఎస్‌బీ మార్పిడి తీగ కొన్నవారు, డివైస్ మేనేజర్‌లో అది ఏ కామ్ నంబరుగా చేరిందో చూసుకుని అదే నంబరు పుట్టీలో ఇవ్వాలి. చాలా స్విచ్చులకు వేగం 9600 సరిపోతుంది.

ఎక్కడి నుంచి దించుకుంటున్నారన్నది మీరు అడగలేదు, కానీ చెప్పకుండా ఉండలేను. పుట్టీ పేరుతోనే ఉన్న డాట్ ఆర్గ్ చిరునామా సైమన్ టాథమ్ బృందానిది కాదు. ఆయన సొంత పేజీ చాలా ఏళ్లుగా చియార్క్ గ్రీన్‌ఎండ్ అనే సర్వరు మీద ఉంది. చూడటానికి పాతకాలపు సాదా పేజీ కాబట్టి కొత్తవారు దాన్నే నకిలీ అనుకుని, రంగురంగుల పేజీ నుంచి దించుకుంటూ ఉంటారు. పుట్టీలో దొంగకోడ్ చేర్చి పంచిన సందర్భాలు నిజంగా జరిగాయి, ఎందుకంటే సర్వర్ల పాస్‌వర్డ్‌లు కొట్టే చోటు కన్నా దొంగకు మంచి చోటు ఇంకొకటి ఉండదు. దించుకున్న ఫైలు మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ అనే భాగం చూడండి. అక్కడ సైమన్ టాథమ్ పేరు ఉండాలి.

పెన్‌డ్రైవులలో తిరిగే పాత పుట్టీని వాడకండి. మాకు తెలిసిన ఒక కార్యాలయంలో సర్వరును ఉబుంటు 22.04కు మార్చిన మర్నాడు నలుగురు ఉద్యోగులు "సర్వర్ రెఫ్యూజ్డ్ అవర్ కీ" అని వస్తోందని గగ్గోలు పెట్టారు. సర్వరు పాడైందని అందరూ నిర్ధారణ చేసేశారు. నేను వెళ్లి చూస్తే అందరి దగ్గరా 2017 నాటి 0.70 ప్రతే ఉంది. జరిగినది ఏమిటంటే, 2021లో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 8.8 నుంచి, ఆర్‌ఎస్‌ఏ రకం కీలతో షా-1 అనే పాత పద్ధతిలో చేసే సంతకాలను (కీ మీ దగ్గర ఉందని రుజువు చేసేవి) సర్వర్లు మామూలుగా అంగీకరించడం మానేశాయి. కొత్త పద్ధతిలో సంతకం చేయడం పుట్టీ 0.75లో నేర్చుకుంది. కీలు మంచివే, సర్వరూ మంచిదే, సంతకం చేసే చెయ్యి పాతది. కొత్త పుట్టీ పెట్టగానే అవే కీలతో నలుగురూ లోపలికి వెళ్లారు. అదే ఇంకా పాత ప్రతి అయితే కీ దాకా కూడా రాకుండా, సర్వరును గుర్తించే మెట్టులోనే ఆగిపోతుంది.

రెండో కారణం మరింత గంభీరమైనది, ఇందులో తప్పు నాదే కాబట్టి దాచుకోకుండా చెబుతాను. పుట్టీజెన్ అనే కీల తయారీ ప్రోగ్రాములో కీ చేసేటప్పుడు పెద్ద అంకె ఉంటే ఎక్కువ భద్రత అనుకుని నేను ఈసీడీఎస్‌ఏ అనే కీలలో 521 బిట్ల రకం ఎంచుకున్నాను. 2024 ఏప్రిల్‌లో తేలినది ఏమిటంటే, 0.68 నుంచి 0.80 వరకు పుట్టీ ఆ ఒక్క రకం కీతో చేసే సంతకాలలో లోపం ఉంది. సుమారు 60 సంతకాలు సేకరించినవారు ప్రైవేట్ కీని (మన దగ్గరే రహస్యంగా ఉండే సగాన్ని) లెక్కకట్టి బయటికి తీయగలరు. జర్మనీలోని బోఖుమ్ రూర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీన్ని కనిపెట్టారు. 0.81లో సరిచేశారు గానీ, ప్రోగ్రామును మార్చినంత మాత్రాన పాత కీ బాగుపడదు. ఏడు సర్వర్లలోనూ నా పాత పబ్లిక్ కీని (సర్వరులో ఉంచే సగాన్ని) తీసేసి కొత్తది పెట్టడానికి నాకు ఒక ఆదివారమంతా పట్టింది. మీ కీ ఆ రకం అయితే ఈ రోజే మార్చండి; కొత్తది ఈడీ25519 రకం చేసుకుంటే చిన్నదిగా ఉంటుంది, ఈ చిక్కూ ఉండదు.

ఇక సెషన్లను తెచ్చుకోవడం. విండోస్‌లో పుట్టీ తన అమరికలను సొంత ఫైలులో దాచదు, రిజిస్ట్రీ అనే విండోస్ అమరికల భాండాగారంలో దాస్తుంది: హెచ్‌కీ కరెంట్ యూజర్, దాని కింద సాఫ్ట్‌వేర్, దాని కింద సైమన్ టాథమ్, దాని లోపల పుట్టీ. రిజిస్ట్రీ ఎడిటర్‌లో ఆ శాఖను ఎక్స్‌పోర్ట్ చేసి మరొక విండోస్ యంత్రంలో తెరిస్తే సెషన్లన్నీ వచ్చేస్తాయి. లినక్స్ పుట్టీ మాత్రం ఇంటి ఫోల్డరులోని ఒక దాగిన ఫోల్డరులో వేరే రూపంలో దాస్తుంది, కాబట్టి విండోస్ ఎక్స్‌పోర్ట్ అక్కడ నేరుగా పనికిరాదు. మీకు ఉన్నవి రెండు మూడు సెషన్లే కనుక చేత్తో మళ్లీ కొట్టుకోవడమే తేలిక. ఇక్కడే ఒక నిత్య ఫిర్యాదు కూడా తీర్చేస్తాను: "రంగు మార్చాను, అక్షరాలు పెద్దవి చేశాను, మళ్లీ తెరిస్తే పోయాయి" అంటారు. సెషన్ పేరును ఎంచుకుని లోడ్ నొక్కి, మార్పులు చేసి, తిరిగి మొదటి పేజీకి వచ్చి సేవ్ నొక్కాలి. ఆ చివరి మెట్టు మరిచినందువల్లే పోతాయి.

కీ సంగతి వేరు. పుట్టీ కీ పీపీకే అనే సొంత రూపంలో ఉంటుంది. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ దాన్ని చదవదు. పుట్టీజెన్‌లో కన్వర్షన్స్ కింద ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ రూపంలోకి ఎగుమతి చేసే అవకాశం ఉంది. 0.75 నుంచి పీపీకే మూడో రూపం వచ్చింది, అంతకన్నా పాత పుట్టీలు దాన్ని తెరవలేవన్నది కూడా గమనించండి. అయితే నా సలహా వేరు: ఒకే కీని నాలుగు యంత్రాలకు మోయకండి, యంత్రానికొక కీ తయారుచేసుకుని సర్వరులో నాలుగు పబ్లిక్ కీలు పెట్టండి. ఫోను రైల్లో పోయిందనుకోండి, ఫోను కీ ఒక్కటి తీసేస్తే మిగిలినవి యథాతథంగా ఉంటాయి. ఒకే కీ అయితే నాలుగు చోట్లా మార్చాలి, అదీ పోయిందని గమనించిన గంటలోపే.

పాస్‌వర్డ్‌ను పుట్టీ గుర్తుపెట్టుకోకపోవడం లోపం కాదు, కావాలని తీసుకున్న నిర్ణయం. ఒక్కసారి దాచితే ఆ కంప్యూటరు ముందు కూర్చున్న ఎవరైనా మీ సర్వరులోకి వెళ్తారు. మన ఊళ్లలో ఒక్క కంప్యూటరును ముగ్గురు పంచుకోవడం మామూలే కదా. పాస్‌ఫ్రేజ్ (కీని తెరవడానికి ఇచ్చే రహస్య వాక్యం) పెట్టిన కీ తయారుచేసుకుని, పొద్దున ఒకసారి పేజెంట్ అనే తోడు ప్రోగ్రాములో ఆ పాస్‌ఫ్రేజ్ ఇస్తే, పేజెంట్‌ను మూసేదాకా మళ్లీ అడగదు. పాస్‌వర్డ్ మాటిమాటికీ కొట్టే విసుగూ ఉండదు, దాచిన పాస్‌వర్డ్ అనే ప్రమాదమూ ఉండదు.

ఇప్పుడు తెగిపోవడం దగ్గరికి వద్దాం. ఇందులో రెండు వేర్వేరు జబ్బులు ఉన్నాయి, బయటికి ఒక్కలాగే కనిపిస్తాయి, మందులు మాత్రం ఒకదానికొకటి విరుద్ధం. మొదటిది: మీరు ఏమీ కొట్టకుండా కాసేపు వదిలేసినప్పుడు మాత్రమే తెగడం. మీ రౌటరో, మొబైల్ కంపెనీ వారి యంత్రమో, కదలిక లేని కనెక్షన్లను కొంతసేపటికి తన పట్టికలోంచి కొట్టేస్తుంది. దీనికి పుట్టీలో కనెక్షన్ పేజీలో "సెకండ్స్ బిట్వీన్ కీప్‌అలైవ్స్" అన్నచోట సున్నాకు బదులు 60 పెడితే, నిమిషానికొకసారి అది ఖాళీ సందేశం పంపి ఆ పట్టికలో మీ పేరు చెరిగిపోకుండా చూస్తుంది. రెండోది: లైనే వచ్చిపోతూ ఉండటం. కొట్టుతూ ఉండగానే తెర స్తంభించి, ఆ తరువాత "సాఫ్ట్‌వేర్ కాజ్‌డ్ కనెక్షన్ అబార్ట్" అని వస్తుంది. ఈ రెండో జబ్బుకు కీప్‌అలైవ్ మందు కాదు, ఒక్కొక్కసారి విషం. సిగ్నల్ రెండు నిమిషాలు పోయి మళ్లీ వచ్చిందనుకోండి; ఆ మధ్యలో ఇరువైపులా ఎవరూ ఏమీ పంపకపోతే కనెక్షన్‌కు అసలు విషయమే తెలియదు, మీరు తిరిగి కొట్టడం మొదలుపెట్టగానే యథావిధిగా సాగుతుంది. కీప్‌అలైవ్ పెట్టినవారికి మాత్రం ఆ రెండు నిమిషాల్లో సందేశం వెళ్లలేక, వ్యవస్థ ప్రయత్నించి ప్రయత్నించి విసిగి కనెక్షన్‌నే వదిలేస్తుంది. అందువల్ల అమరిక మార్చే ముందు, ఊరకుండగా తెగుతోందా, పని చేస్తుండగా తెగుతోందా అన్నది రెండు రోజులు గమనించండి.

మన ప్రాంతానికి మరొక చిక్కు ఉంది. పర్లాకిమిడిలో మేడ మీద నిలుచుంటే ఫోను ఒకసారి ఒడిశా టవరును, మరొకసారి పాతపట్నం వైపు ఆంధ్ర టవరును పట్టుకుంటుంది. అలా నెట్‌వర్క్ మారినప్పుడు ఫోనుకు ఇంటర్నెట్ చిరునామా మారవచ్చు. ఎస్‌ఎస్‌హెచ్ కనెక్షన్ రెండు చిరునామాల మధ్య ముడి. ఒక కొస మారితే ముడి ఊడినట్టే. దానికి ఏ క్లయింటులోనూ అమరిక లేదు. ఇంట్లో వైఫై మీద ఉన్న ఫోను మొబైల్ డేటాకు మారినా ఇదే జరుగుతుంది.

ఈ పాఠం నాకు రైల్లో అబ్బింది. గుణుపురం నుంచి నౌపడా వైపు వెళ్తూ, ఫోను ద్వారా ల్యాప్‌టాప్‌కు నెట్ ఇచ్చుకుని, ఒక సర్వరులో డేటాబేసును బ్యాకప్ నుంచి తిరిగి నింపుతున్నాను. పర్లాకిమిడి దాటి ఆంధ్రలోకి అడుగుపెట్టేసరికి కనెక్షన్ పోయింది. కనెక్షన్ పోతే సర్వరు మీ షెల్‌కు (అక్కడ మీ ఆదేశాలను అందుకుని నడిపే ప్రోగ్రాము) లైను తెగిందన్న సంకేతం పంపుతుంది, షెల్‌తోపాటు అందులో నడుస్తున్న పని కూడా సాధారణంగా చచ్చిపోతుంది. నా డేటాబేసు సగం నిండి ఆగిపోయింది. టెక్కలి వచ్చేవరకు మళ్లీ లోపలికి వెళ్లలేకపోయాను, వెళ్లాక మొత్తం తుడిచి మొదటి నుంచి చేయవలసి వచ్చింది. ఆ రోజు నుంచి సర్వరులోకి వెళ్లగానే నేను కొట్టే మొదటి ఆదేశం టీమక్స్. ఇది సర్వరు మీదే నడిచే ప్రోగ్రాము. మీ షెల్ దాని లోపల ఉంటుంది, మీ కనెక్షన్‌కు అంటుకుని ఉండదు. లైను తెగితే తెగనివ్వండి, పని అక్కడ సాగుతూనే ఉంటుంది. మళ్లీ వెళ్లి టీమక్స్ అటాచ్ అని కొడితే వదిలిన తెర వదిలినచోటే కనిపిస్తుంది. ఆఫీసులో మొదలుపెట్టి, కంట్రోల్ బీ నొక్కి తరువాత డీ నొక్కి బయటికి వచ్చి, ఇంటికి వెళ్లి ఫోనులో అదే తెరను పట్టుకోవచ్చు. మీరు అడిగిన "అన్ని యంత్రాల్లోనూ ఒకటే" అన్న కోరిక తీరేది నిజానికి ఇక్కడ. టీమక్స్ లేని పాత సర్వర్లలో 1987 నాటి స్క్రీన్ అనే ప్రోగ్రాము దాదాపు ఇదే పని చేస్తుంది.

చిరునామా మారినా తెగకూడదనుకుంటే మోష్ అనేది ఉంది, 2012లో అమెరికాలోని ఎంఐటీ నుంచి వచ్చింది. లోపలికి వెళ్లడానికి మాత్రమే ఎస్‌ఎస్‌హెచ్‌ను వాడుకుని, తరువాత యూడీపీ (ముందుగా కనెక్షన్ కట్టకుండానే సందేశాలు పంపే పద్ధతి) మీద తన సొంత పద్ధతిలో మాట్లాడుతుంది కాబట్టి టవర్లు మారినా, ల్యాప్‌టాప్ మూసి తెరిచినా కొనసాగుతుంది. సర్వరులో కూడా మోష్ ఉండాలి, యూడీపీ పోర్టులు 60000 నుంచి 61000 వరకు ఫైర్‌వాల్‌లో తెరవాలి. పుట్టీలో ఇది లేదు. టెర్మక్స్‌లోనూ ఉబుంటులోనూ ఒక్క ప్యాకేజీ. ప్రయాణాలు ఎక్కువ చేసేవారికి ఇది, ఇంట్లో కూర్చుని పని చేసేవారికి టీమక్స్ చాలు అంటాను.

తెలుగు, ఒడియా అక్షరాల గురించి కూడా ఒక మాట. ఇక్కడి కార్యాలయాల్లో ఫైళ్ల పేర్లు రెండు లిపుల్లోనూ ఉంటాయి కనుక ఇది మీకు తప్పక ఎదురవుతుంది. పుట్టీలో విండో కింద ట్రాన్స్‌లేషన్ పేజీలో యూటీఎఫ్-8 (అన్ని లిపులకూ పనికొచ్చే అక్షర పద్ధతి) ఎంచుకుని ఉన్నదో లేదో చూసుకోండి. పాత ప్రతులలో అలా ఉండదు, అందుకే పిచ్చి గుర్తులు వస్తాయి. అది సరిచేసినా వత్తులూ గుణింతాలూ విడివిడిగా పడవచ్చు. టెర్మినల్ తెర గళ్ల కాగితం లాంటిది, గడికొక అక్షరం అన్న లెక్క మీద కట్టినది. మన లిపులు ఆ గళ్లలో ఇమడవు. తెర మీద విరిగినా ఫైలులోని అక్షరం విరగదు. ఒకసారి మా దగ్గర పనిచేసే అబ్బాయి పేర్ల పట్టిక పాడైందనుకుని టెర్మినల్‌లోనే వత్తులు "సరిదిద్ది", బాగున్నదాన్ని నిజంగా పాడుచేశాడు. అటువంటి ఫైలును విన్‌ఎస్‌సీపీ వంటి ఫైళ్లు చేరవేసే ప్రోగ్రాముతో మీ యంత్రానికి తెచ్చుకుని, మామూలు ఎడిటరులో దిద్ది, తిరిగి పంపండి.

మిగిలినవి చిన్నవి. పుట్టీలో మౌసుతో ఎంచుకోగానే కాపీ అయిపోతుంది, కుడి క్లిక్ చేస్తే అతుకుతుంది. కంట్రోల్ సీ కొడితే నడుస్తున్న పని ఆగుతుంది. తెర ఉన్నట్టుండి బిగుసుకుపోతే అది ప్రతిసారీ నెట్ తప్పు కాదు, అలవాటుగా కంట్రోల్ ఎస్ కొట్టి ఉంటారు. కంట్రోల్ క్యూ కొట్టి చూడండి. మొదటిసారి వెళ్లినప్పుడు సర్వరు కీ గురించి అడగడం సహజం, అద్దెకిచ్చినవారి పేజీలో కనిపించే వేలిముద్రతో (ఆ కీని గుర్తుపట్టే చిన్న అక్షరాల వరుస) సరిచూసి ఒప్పుకోండి. అదే సర్వరుకు తరువాత ఎప్పుడైనా కీ మారిందని హెచ్చరిక వస్తే, మీరు సర్వరును కొత్తగా ఎక్కించి ఉంటే తప్ప ఒప్పుకోకండి.

కీప్‌అలైవ్ మార్చే ముందు నేను చెప్పిన రెండు రోజుల పరిశీలన చేసి, తెగినప్పుడు పెట్టెలో వచ్చిన వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడ రాయండి. అప్పుడు మీరు ఇంటి వైఫై మీద ఉన్నారా, ఫోను డేటా మీద ఉన్నారా అన్నది కూడా చెబితే, మీది మొదటి జబ్బో రెండోదో చెప్పగలను.